చెప్పనివన్నీ నేను చూసుకుంటాను

నేను మొదటిసారి చచ్చిపోయింది, నడుముకి తాడు కట్టుకున్నానని చెప్పకపోవడం వల్ల.

ఇంజనీరింగ్ చదివే రోజుల మాట. హాస్టల్లో నలుగురం బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. గళ్లూ ఉండవు, పేకముక్కలూ ఉండవు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలొక పాత్ర పట్టుకుని నేనిది చేస్తాను, నేనది చేస్తాను అని నోటితో చెబుతారు. అవుతుందో లేదో అనుమానం ఉన్నచోట పాచిక వేస్తారు. నాది నాగమ్మ అనే దొంగ పాత్ర. బావిలోకి దిగుతానన్నాను. కథ నడిపే కుర్రాడు, తాడు కట్టుకున్నానని చెప్పలేదు కాబట్టి పడి చచ్చిపోయావన్నాడు. ఇరవయ్యేళ్లుగా గోడలెక్కి బతుకుతున్న దొంగకి ఆ మాత్రం తెలీదా అని నేను. చెప్పనిది జరగనట్టే అని వాడు. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత వాడి కోసమే పుట్టినట్టుంది. ఆ రోజు లేచి వచ్చేసినదాన్ని మళ్లీ ఆ గదికి వెళ్లలేదు.

ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చాక సాల్మన్ దొరికాడు. మెదడు పంపే సంకేతాలు చదివే యంత్రాలు మా ల్యాబులో తయారయ్యేవి, వాటికి ప్రోగ్రాములు రాసేది సాల్మన్. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లింట్లో ఇదే ఆట నడిపేవాడు. కథ నడిపేవాణ్ణి మేం సూత్రధారి అనేవాళ్లం. మొదటిరోజు నేను పాత కచ్చ కొద్దీ, తాడు కట్టుకుంటాను, ముడి వేస్తాను, ముడి లాగి చూసుకుంటాను, చెప్పులు విప్పుతాను అని ఏకరువు పెడుతుంటే నవ్వాడు.

"అలివేలూ, నాగమ్మ ఏం చేస్తుందో నాకు తెలుసు. నువ్వు ముఖ్యమైంది చెప్పు చాలు. చెప్పనివన్నీ నేను చూసుకుంటాను."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అలాంటి సూత్రధారి దొరకడం అదృష్టం అనుకున్నాను.

కోదండపాణి పరిచయమైంది ఆ బల్ల దగ్గరే. పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పే లెక్చరరు, సాల్మన్‌కి చిన్నప్పటి స్నేహితుడు. ఆటలో అతనిది భైరవుడనే కోటకాపరి పాత్ర. మామూలుగానే మాట తక్కువ మనిషి. తన వంతు వచ్చినప్పుడు సగంసార్లు సాల్మన్ వాళ్లమ్మ వేసిన రొయ్యల పకోడీ నములుతూ ఊరుకునేవాడు. సాల్మన్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, "మామూలే. భైరవుడు తలుపు గడియ పెట్టి, కాగడా ఆర్పి, గుమ్మంలో కూర్చున్నాడు" అనేవాడు. పాణి ఊఁ కొట్టేవాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం సంగతి ఎవరూ అడగరు.

పాణి నోరు విప్పి గట్టిగా చెప్పేది ఒకటే. కథలో ప్రమాదం ముంచుకొచ్చినప్పుడల్లా బల్ల మీద అరచెయ్యి వేసి, "నేను ఇక్కడే ఆగిపోతాను. మీరు వెళ్లండి" అనేవాడు. వంతెన మీదా అదే, సొరంగంలోనూ అదే, మునిగిపోయే ఓడలోనూ అదే. మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ అని మేమంతా మూలిగేవాళ్లం. సాల్మన్ పాచిక కూడా వెయ్యనిచ్చేవాడు కాదు. భైరవుడు గొణుక్కుంటూ మీ వెంట వచ్చేశాడు, మామూలే, అని కథని ముందుకు తోసేవాడు. పాణి నవ్వేసి ఇంకో పకోడీ తీసుకునేవాడు. పాణి ఆగిపోతానంటే అది లెక్కలోకి రాదన్నది మా బల్ల దగ్గర ఎవరూ రాయని నియమం. అలా ఆరేళ్లు ఆడాం. కథలో ఎవరికేం మాటిచ్చాడో మర్చిపోకుండా సాల్మన్ ప్రతి ఆదివారం ఆటంతా ఫోన్లో రికార్డు చేసుకునేవాడు.

పాణి చేతిలోంచి ముందు చాక్‌పీసు జారింది. తర్వాత స్కేలు, ఆ తర్వాత అన్నం ముద్ద, చివరికి మాట. కండరాలని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. బుర్రకి మాత్రం ఏమీ కాదు, అదీ దాని దుర్మార్గం. రెండేళ్లు తిరిగేసరికి ఊపిరికి కూడా మిషను పెట్టాల్సి వచ్చింది. భార్య వకుళ విద్యుత్ శాఖ ఆఫీసులో పని చేస్తూ, ఇంటికొచ్చి అతనికి స్నానాలూ తిండీ చూసుకుంటూ సగమైపోయింది. కూతురు సంహితకి అప్పుడు ఏడేళ్లు.

అప్పటికి మా ల్యాబులో చొక్కా తయారవుతోంది. చొక్కా అన్నది మేం పెట్టుకున్న ముద్దుపేరు. ఒంటికి అంటుకుపోయే పల్చటి తొడుగు, దాని నిండా వెంట్రుకంత మోటార్లు. కాళ్లూ చేతులూ మెడా కదిలిస్తుంది, పెదాలు సాగదీస్తుంది, గుటక వేయిస్తుంది, ఊపిరి పీల్పిస్తుంది. పుర్రె కింద అమర్చిన వల మెదడులో పుట్టిన కోరికని పట్టుకుని దానికి అందిస్తుంది. మెడ దగ్గర ఒక స్పీకరు, అందులో మనిషి పాత గొంతు. చిక్కల్లా ఒకటే. మెదడు నుంచి మాకు స్పష్టంగా అందేది ఒకసారికి ఒక చిన్న మాట. నీళ్లు. బయటికి. అలాంటివి ఓ పది వరసగా అనుకునేసరికి మనిషి సోలిపోతాడు.

తొలి పరీక్షకి పాణి తనంతట తనే ఒప్పుకున్నాడు. 'నీళ్లు' అనుకున్నాడు. చెయ్యి గ్లాసు ఎత్తి మూతి దగ్గరికి తెచ్చింది. నోరు తెరవమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నీళ్లన్నీ ఛాతీ మీద ఒలికిపోయాయి. 'బయటికి' అనుకుంటే కాళ్లు తిన్నగా వెళ్లి మూసిన తలుపుని గుద్దుకున్నాయి. నాకు నా బావి గుర్తొచ్చింది. మనం తయారుచేసింది ఆ హాస్టలు కుర్రాడిలాంటి సూత్రధారిని అని సాల్మన్‌తో అన్నాను. సాల్మన్ టవల్తో పాణి గుండెలు తుడిచాడు.

"నేనున్నాను కదా," అన్నాడు చివరికి. "ఆరేళ్లపాటు వీడు చెప్పనివన్నీ చూసుకున్నది నేనే. మిషనుకి నన్ను నేర్పుదాం."

ఆరేళ్ల ఆదివారాలూ మిషనుకి వినిపించాం. పాణి ఏం చెప్పాడు, ఎక్కడ ఊరుకున్నాడు, ఊరుకున్నచోట సాల్మన్ ఏం నింపాడు, దానికి పాణి ఊఁ కొట్టాడా, కాదన్నాడా. ఇంటి అలవాట్లు వకుళ చెప్పింది, ఏ కాలికి ముందు చెప్పు వేసుకుంటాడో, పప్పులో ఆవకాయ ఎంత కలుపుకుంటాడో అన్నీ. మేం నవ్వుకుంటూనే నేర్పాం. ఆ ప్రోగ్రాముకి సూత్రం అని పేరు పెట్టింది సాల్మనే.

మళ్లీ పరీక్ష చేసిన రోజు పాణి 'బయటికి' అనుకున్నాడు. ఒళ్లు లేచింది. చెప్పులు వేసుకుంది. బల్ల మీది జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. తలుపు తీసి, తను వెళ్లకుండా పక్కకి జరిగి వకుళ కోసం నిలబడింది. ఆ నిలబడటం ఎవరూ నేర్పలేదు. కోటకాపరి భైరవుడు అందరినీ దాటించాకగానీ గుమ్మం దాటేవాడు కాదు, అది పట్టుకుంది మిషను. వకుళ ఆ తలుపు దగ్గరే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సాల్మన్ మాత్రం పరీక్షలో నెగ్గిన పిల్లాడిలా గదంతా తిరిగాడు.

ఇంటికి పంపాం. ఆ ఏడాది వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా పండగలా ఉండేది. పాణి సాయంత్రాలు బీచి రోడ్డులో వకుళ పక్కన నడిచేవాడు. మురీమిక్చర్ బండి దగ్గర ఆగేవాడు. పొద్దున్నే కూతురికి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేవాడు, డ్రాయింగ్ మాస్టరు కదా, పాపిట స్కేలు పెట్టి గీసినట్టు వచ్చేది. చొక్కా భుజం మీద ఒక చిన్న ఆకుపచ్చ దీపం ఉంది. ఒంటి కదలిక పాణి స్వయంగా చెప్పిన మాటకి జరిగితే అది వెలుగుతుంది, సూత్రం నింపినదైతే వెలగదు. మాకు పరీక్షలకి పనికొస్తుందని పెట్టింది. సంహితకి అదో ఆట. దీపం వెలిగితే "నాన్న చెప్పాడు" అనేది, వెలక్కపోతే "మామూలే" అనేది. ఆ మాట సాల్మన్ దగ్గర నేర్చింది.

మొదట్లో మాటామంతీ పాణే చెప్పేవాడు, ఒక్కో పదం. అవతలివాళ్లు ఎదురుచూడలేక విసుక్కుంటున్నారని సాల్మన్ సూత్రానికి మాటలు నింపడం కూడా నేర్పాడు. పలకరింపులు, ఊఁ కొట్టడాలు, కూర బాగుందనడాలు. పాణి ఎదుటివాళ్లతో ఏం మాట్లాడి ఉండేవాడో అదే మాట్లాడేది. నిజం చెప్పొద్దూ, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోకన్నా బాగా మాట్లాడేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. పాణి తలుపు తీశాడు, ఎండన పడి వచ్చావన్నాడు, ఫ్యాను వేశాడు, మంచినీళ్లిచ్చాడు. భుజం వైపు చూద్దును కదా, దీపం ఉండాల్సిన చోట స్టిక్కరు బొట్టు అతికించి ఉంది. మెరూన్ రంగుది, వకుళ పెట్టుకునేదే. సంహితని పక్కకి పిలిచి అడిగాను.

"అమ్మ పెట్టింది," అంది పిల్ల. "దీపం అస్సలు వెలగట్లేదని నేను రోజూ ఏడుస్తున్నానని."

వంటింట్లో వకుళ నా మొహం చూడకుండా దొండకాయలు తరుగుతోంది. దీపం చెడిపోయిందేమో బాగుచేయిస్తానన్నాను. వద్దంది. ఇప్పుడు బాగానే ఉన్నారు కదా, ఎందుకు కెలకడం అంది. అది చెడిపోలేదని ఆమెకి తెలుసని నాకప్పుడే తెలిసిపోయింది, తెలిసి కూడా నేనేమీ అనలేకపోయాను. హాల్లోంచి పాణి గొంతు, అలివేలుకి ఉల్లిపాయ పచ్చడి ఇష్టం, చెయ్యకూడదా, అంటోంది.

మర్నాడు ల్యాబులో వల పంపిన సంకేతాలు తిరగేశాను. పాణి ఏమీ చెప్పడం మానేశాడనే అనుకున్నాను. మనిషి లోపల ఆరిపోయి ఉంటాడని, ఖాళీ చొక్కాతో వాళ్లు కాపురం చేస్తున్నారని భయపడ్డాను. అదే అయినా నయంగా ఉండేది. పాణి చెబుతూనే ఉన్నాడు. శివరాత్రి దగ్గర్నుంచి, మెలకువగా ఉన్నంతసేపూ, అలిసిపోయి ఆగి, మళ్లీ తేరుకుని, ఒకటే చెబుతున్నాడు. సూత్రం ప్రతిసారీ దాన్ని అందుకుని, లెక్కలోకి తీసుకోనక్కర్లేని వాటిలో పడేస్తోంది. అది తప్పు కాదు కాబట్టి మాకు హెచ్చరికా రాలేదు. విడివిడిగా వచ్చిన మాటల్ని వరసగా చేర్చి, స్పీకరుకి కలిపి విన్నాను.

"నేను ఇక్కడే ఆగిపోతాను. మీరు వెళ్లండి."

ఆగు అని చెప్పి తర్వాత ఇంకేదైనా చెయ్యమంటే సూత్రం వినేది. టీ వేడిగా ఉంటే ఆగేది. ఆగిపోవడం ఒక్కటే చెప్పి ఊరుకుంటే మాత్రం వినేది కాదు. అలా వినకూడదని దానికి ఆరేళ్ల రికార్డింగుల్లో మేమే నేర్పాం. మేం మూలిగిన మూలుగులతో సహా నేర్చుకుంది.

సాల్మన్‌ని పిలిచి వినిపించాను. రెండోసారి వినలేదు, స్పీకరు వైరు లాగేశాడు.

"అది ఆటలో మాట," అన్నాడు. "అలవాటు కొద్దీ మెదడు తిప్పుతోంది, అంతే."

"ఆటలో అన్నది భైరవుడు. ఇది పాణి అంటున్నాడు."

"నా బల్ల మీద వాణ్ణి నేనెప్పుడూ వదిలెయ్యలేదు అలివేలూ."

"వదిలెయ్యమన్నాడా లేదా, అదొక్కటి చెప్పు."

సాల్మన్ దుర్మార్గుడైతే నాకు సుఖంగా ఉండేది. వాడు నాకు తెలిసిన మంచివాళ్లలో ఒకడు. ఆ రోజు వాడి మీద నాకొచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. మనం నోరు మూసుకుంటే అక్కడ ఒక మనిషి సజీవంగా కప్పెట్టినట్టు ఉండిపోతాడని అరిచాను. వకుళకి చెప్పాల్సిందేనన్నాను. సాయంత్రం దాకా వాదించి చివరికి ఒప్పుకున్నాడు.

పాణి, సంహిత మేడ మీద ఉండగా వకుళకి చెప్పాం. ఆమె ఏడవలేదు. చీర కొంగు అంచుని వేళ్లతో మడుస్తూ విప్పుతూ విన్నది. స్టిక్కరు పెట్టినప్పుడు ఆయన మాట్లాడటం మానేశారనుకున్నానంది, విసిగిపోయి ఊరుకున్నారనుకున్నానంది. తర్వాత సాల్మన్‌ని ఒకటి అడిగింది.

"మొన్న నాకు దగ్గొస్తే నిద్దట్లోంచి లేచి వీపు రాశారు. అది ఎవరు రాశారన్నయ్యా?"

"వాడైతే అదే చేసి ఉండేవాడు చెల్లెమ్మా. అందుకే చేసింది."

"చేసి ఉండేవారు, సరే. చేశారా?"

ఎన్నేళ్లుగానో పాణి చెప్పనివన్నీ చూసుకున్నవాడు ఆ ఒక్కదానికీ తల దించుకున్నాడు. మేడ మీద నుంచి తండ్రీకూతుళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. ఆయన మాట నాకు ఆయన నోటే వినిపించండి అంది వకుళ.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున సంహితని స్నేహితురాలి పుట్టినరోజుకి పంపేసింది. పాణిని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, సూత్రం తనంతట తను ఏదీ నింపకుండా మార్చాం. చెప్పింది జరుగుతుంది, చెప్పనిది జరగదు, నా హాస్టలు కుర్రాడి పద్ధతే. ఊపిరి ఒక్కటి మాత్రం సూత్రం చేతిలోనే ఉంచాం. సాల్మన్ మీట నొక్కగానే పాణి మొహంలో నవ్వు పోయింది. మెడ వాలింది, చేతులు ఒళ్లో పడ్డాయి. వకుళ గబుక్కున తలని పట్టుకుని వెనక్కి ఆనించింది. ఆ నిస్సత్తువ మొహాన్ని చూస్తూ, చాలా రోజులకి ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు, "వచ్చారా" అంది.

కొంతసేపటికి స్పీకరు పలికింది.

"వకుళా."

"మీరేనా?"

"నేనే."

నొప్పిగా ఉందా అని అడిగింది. లేదన్నాడు. మావల్ల ఏమైనా తప్పు జరిగిందా అని అడిగింది. లేదన్నాడు. తర్వాత ఒక్కో మాట, మధ్యలో సేద తీరుతూ, పొద్దెక్కేదాకా చెప్పాడు. నేను కలుపుకుని రాస్తున్నాను. మొదట్లో జడ వెయ్యాలనుకుంటే చేతులు జడ వేసేవట, సంబరపడ్డాడట. రానురాను అనుకోబోయేలోపే అయిపోయేదట. నిన్ను పలకరిద్దామనుకునేసరికి పలకరించేసి ఉండేది, పిల్లని దగ్గరికి తీసుకుందామనుకునేసరికి పిల్ల ఒళ్లో ఉండేది, అన్నాడు. తన చేతులు తన కూతురి జుట్టు దువ్వుతుంటే కళ్ల వెనక కూర్చుని చూడటం తన వల్ల కావట్లేదన్నాడు.

"చెప్పడానికి ఏమీ మిగల్లేదు," అన్నాడు.

సాల్మన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మాటలు తీసేస్తానన్నాడు, జడలు తీసేస్తానన్నాడు, ఏది నీకు ఉంచమంటే అది ఉంచుతాను, సగం సగం పంచుకుందాం అన్నాడు. పాణి అదంతా విన్నాడు.

"ఊపిరి ఇవ్వండి."

"అది మాత్రం అడక్కురా."

"నాది."

సాల్మన్ కుదరదన్నాడు. పది మాటలకే సోలిపోయేవాడివి, ఊపిరి ఎన్నిసార్లు చెప్పగలవురా అన్నాడు. వకుళ లేచి నిలబడింది.

"అది ఆయనది. ఇచ్చెయ్యండన్నయ్యా."

మీట మీద నుంచి తన వేలు తియ్యనన్న షరతు మీద సాల్మన్ ఒప్పుకున్నాడు. ఒక్క నొక్కుతో అంతా మళ్లీ సూత్రం చేతికి వెళ్లిపోతుంది. వకుళ పాణి ఎదురుగా నేల మీద కూర్చుని అతని మోకాళ్ల మీద చేతులు వేసింది. ఊపిరి పాణి చేతికి వచ్చింది. ఛాతీ ఆగింది. మా ముగ్గురివీ కూడా ఆగాయి.

"పీల్చు," అంది స్పీకరు. ఛాతీ పొంగింది.

ఊపిరికి మిషను పెట్టాక తన మాట మీద తను పీల్చిన మొదటి గాలి అది. మళ్లీ పీల్చాడు. మళ్లీ. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య "బాగుంది" అన్నాడు. వకుళకి నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. సంక్రాంతి ముగ్గులు వేసేటప్పుడు చుక్కలు తప్పితే మీరు ఇలాగే గాలి పీల్చేవారు గుర్తుందా అంది. పాణి పీల్చాడు. తెర మీద అతని సంకేతం చిన్నగా, నిలకడగా లేస్తోంది. నాకు ఒక్క క్షణం, ఈ మనిషి ఇలాగే బతికేస్తాడేమో, ఒక్కో ఊపిరీ అడిగి తెచ్చుకుని నూరేళ్లు బతుకుతాడేమో అన్న పిచ్చి ఆశ పుట్టింది.

తర్వాత మాట రాలేదు.

తెర మీద గీత చదునుగా ఉంది. ఆగిపోయాడా, అలిసిపోయాడా? అలిసిపోయినా గీత అలాగే ఉంటుంది. వద్దనుకుని ఊరుకున్నాడో, కావాలనుకుని పలకలేకపోయాడో చెప్పే పరికరం మా దగ్గర లేదు, ఇన్నేళ్లలో అలాంటిది ఒకటి కావాలని మాకు తోచలేదు. పాణి పెదాలు నల్లబడుతున్నాయి.

"చెల్లెమ్మా," అన్నాడు సాల్మన్. "చెప్పు."

"ఆగు సాల్మన్. ఇంకొంచెం ఆగు," అన్నాను నేను. వాడు నా వైపు చూడలేదు. వకుళ మొహంలోకే చూస్తున్నాడు. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చేతులు పాణి మోకాళ్లని పట్టుకునే ఉన్నాయి. ఏ మాటా రాలేదు. సాల్మన్ ఒక్క క్షణం, బల్ల దగ్గర పాణి మొహంలోకి చూసినట్టే, ఆమె మొహంలోకి చూశాడు. చూసి మీట నొక్కాడు.

ఛాతీ నిండా గాలి వెళ్లింది. మెడ నిలబడింది. పెదాలకి రంగు రాకముందే నవ్వు వచ్చింది. చేతులు లేచి కాలరు సరిచేసుకున్నాయి. నేల మీదున్న భార్యని చూసి, కింద కూర్చున్నావేం అని చెయ్యి అందించి లేపింది ఆ ఒళ్లు. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎప్పుడొచ్చావ్ అలివేలూ?"

సాల్మన్ వెక్కిళ్లు పెట్టి ఏడుస్తున్నాడు. పాణి వాడి భుజం తట్టి ఏమైందిరా అని అడిగాడు. ఎంత ప్రేమగా అడిగాడంటే, సాల్మన్ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను తెర వైపు వెళ్లబోయాను. లోపల పాణి ఏం చెబుతున్నాడో అందులో కనిపిస్తుంది. సాల్మన్ నాకన్నా ముందు లేచి దాన్ని ఆపేసి సంచిలో పెట్టేశాడు. తెరిపించడానికి నేను వాడితో పెనుగులాడాల్సింది. పెనుగులాడలేదు. బహుశా చూడకపోవడమే నాక్కూడా కావాలేమో.

వకుళ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"నేను నొక్కమనలేదు," అంది. "వద్దనీ అనలేదు. నేనేం చెప్పలేదు కదా అలివేలూ?"

"లేదు," అన్నాను. "నువ్వేం చెప్పలేదు."

అది విని ఆమెకి ఊరట కలిగిందో, గుండె పగిలిందో నాకు తెలియలేదు. కాసేపు స్టవ్ గట్టు పట్టుకుని నిలబడింది. ఇంతలో సంహిత పుట్టినరోజు టోపీతో, పేపరు ప్లేటులో కేకుముక్కతో వచ్చేసింది. నాన్న కోసం దాచి తెచ్చానంటూ తిన్నగా వెళ్లి ఒళ్లో కూర్చుంది. కేకు ఎవరు కోశారు, ఎన్ని బెలూన్లు కట్టారు అని పాణి ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నాడు. చెదిరిన జడ విప్పి మళ్లీ అల్లాడు. ఆ వేళ్ల వైపు చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

భోజనాలకి పిలిచింది వకుళ. సాల్మన్ తినకుండా వెళ్లిపోయాడు. పాణి చేతులు కడుక్కుని పీట మీద కూర్చుని, పప్పన్నం కలిపి ముందు కూతురికి ఒక ముద్ద పెట్టి, తర్వాత తను చక్కగా తిన్నాడు. వకుళ గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి ఆ కళ్లలోకి చూస్తోంది, రెప్ప కూడా వెయ్యకుండా.

"పప్పు బాగా కుదిరింది," అంది ఆ గొంతు. "ఇంకొంచెం వెయ్యి."

వకుళ వేసింది.